ల్యాంపు ఎక్కడ పెట్టావన్నా?

సింగరేణి బొగ్గు గనుల ఊరు కొత్తగూడెంలో నాటకం వేయడమంటే ముందు షిఫ్టులతో కుస్తీ పట్టాలి. హీరోది ఫస్టు షిఫ్టు, విలన్‌ది సెకండ్ షిఫ్టు. ఇద్దరూ ఒకచోట దొరికేది ఆదివారమే. అలా తంటాలుపడి సిద్ధం చేసిన ఓ నాటకంలో నాది బాయి (బొగ్గు గని) కార్మికుడి వేషం. రెండో రంగంలో క్యాప్ ల్యాంపు పెట్టుకుని చీకట్లోంచి రావాలి. తీరా సమయానికి సామాన్ల బల్ల మీద ల్యాంపు లేదు. ఉత్త తలతోనే వెళ్లి, నోటికొచ్చిన డైలాగేదో చెప్పి బయటపడ్డాను. తెర పడగానే సామాన్లు చూసే తమ్ముడి మీద అందరి ముందూ విరుచుకుపడ్డాను. అతను మారు మాట్లాడకుండా వెతికాడు. ల్యాంపు మేకప్ గదిలో, అద్దం పక్కన దొరికింది. అరగంట ముందు దాన్ని పెట్టుకుని ఫొటో దిగి అక్కడ వదిలేసింది నేనే.

"ల్యాంపు ఎక్కడ పెట్టావన్నా?" అని కూడా అడగలేదతను. సెట్టు విప్పి, తాళ్లు చుట్టి, నైట్ షిఫ్టుకి వెళ్లిపోయాడు.

నిజానికి బాయి దగ్గర నేనలా ఏనాడూ చేయలేదు. దిగేముందు ల్యాంపురూంలో టోకెన్ ఇచ్చి ల్యాంపు తీసుకుంటాం. పైకొచ్చాక ల్యాంపు అప్పజెప్పి టోకెన్ తీసుకుంటాం. టోకెన్ అక్కడే ఉండిపోతే మనిషింకా కిందే ఉన్నాడని లెక్క. అందుకే ల్యాంపురూం మనిషిని 'అన్నా' అనకుండా ఎవరూ పలకరించరు. అదే నేను స్టేజీ ఎక్కగానే "ఏయ్ లైటు", "ఏయ్ కర్టెన్" అని కేకలు. పని పేరే మనిషి పేరైపోయింది.

"మేమేమన్నా జీతానికి ఆడుతున్నామా, సరదాకి కదా" అంటారు మనవాళ్లు. తెర లాగేవాడిదీ ఉచిత సేవే. పైగా అతనికి చప్పట్లు కూడా రావు.

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో 'కీచకవధ'తో మొదలైన సురభి వారిని చూడండి. కుటుంబమంతా నాటకంలోనే. ఒక రంగంలో వేషం కట్టినవాళ్లే మరో రంగంలో తెర వెనక పని అందుకుంటారు. 'మాయాబజార్'లో లడ్డూలు ఎగిరి ఘటోత్కచుడి నోట్లో పడతాయి. వెనక తీగ లాగే చెయ్యి ఒక్క క్షణం తడబడితే లడ్డూ వెళ్లేది ముక్కు మీదికే!

మన బొగ్గు మనుషులకు దగ్గరి కథ ఇంకోటుంది. 1959లో కలకత్తా మినర్వా థియేటర్‌లో ఉత్పల్ దత్ 'అంగార్' వేశారు. బొగ్గు గని ప్రమాదమే ఇతివృత్తం. చివర్లో గనిలోకి నీళ్లు ముంచుకొస్తాయి. స్టేజీ మీద చుక్క నీరు లేదు. తాపస్ సేన్ వేసిన దీపాలే వరదై పొంగాయి. నటులెంత బాగా చేసినా ఆ నీటిని పుట్టించింది మాత్రం ఎవరికీ కనపడని చోట నిలబడ్డ మనిషి.

మరి మనమేం చేయాలి? పెద్ద చిట్కాలేం లేవు. లైటింగ్ రిహార్సల్‌కి చెప్పిన వేళకి రండి. మీరు నిలబడే చోటు మారిస్తే లైటు వేసే అన్నకి ముందే చెప్పండి. చీకట్లో నిలబడి తర్వాత అతన్ని తిట్టకండి. బల్ల మీది వస్తువు వాడాక బల్ల మీదే పెట్టండి. టిఫిన్ పొట్లాలు వింగ్స్ వెనక్కి ముందు వెళ్లాలి. చాలాచోట్ల చివరికి మిగిలిందే వాళ్లకి. నాకు ఒళ్లుమండేది శాలువాల దగ్గర. అతిథులకి కప్పుతూ గంటసేపు గడిపేస్తాం. అంతసేపూ సెట్టు విప్పాల్సిన పిల్లలు పక్కన నిద్రకళ్లతో కూర్చుంటారు.

నేను రెండ్రోజుల తర్వాత వెళ్లి, నలుగురి ముందు తిట్టినవాణ్ని నలుగురి ముందే క్షమించమన్నాను. అతను నవ్వాడు. తర్వాతి ప్రదర్శనకి బల్ల మీద సుద్దముక్కతో ఒక్కో వస్తువు ఆకారం గీసి ఉంచాడు, ల్యాంపుది కాస్త పెద్దగా.

డిసెంబరు 23న సింగరేణి డే వస్తోంది. ఆ రోజు మీ ఊళ్లో నాటకం వేస్తే, మొదటి శాలువా తెర లాగే మనిషికి కప్పండి. పేరు ముందే కనుక్కుని, మైకులో చెప్పండి.