ఒక దారం పట్టుకొని పోదాం: మన చుట్టూ ఉన్న కళలు, చరిత్ర తెలుసుకునే పద్ధతి

వింత అనగానే మనకు తాజ్‌మహల్, అజంతా గుహలు, జనరల్ నాలెడ్జ్ పుస్తకంలోని ఏడు వింతల పట్టిక గుర్తుకు వస్తాయి. అవి తప్పకుండా చూడదగినవే. కానీ వాటిని చూడాలంటే చార్జీలు కావాలి, సెలవులు కావాలి. హుజూరాబాద్‌లో ఉండి, కొన్నిసార్లు బస్సు కూడా ఎక్కకుండా తెలుసుకోదగిన సంగతులు ఎన్నో ఉన్నాయి. అవి పరీక్షలో రావని మనం వాటి జోలికి పోము.

మేము హాస్టళ్లలో ఉండి చదివి, ఇప్పుడు పీజీ చేస్తున్నవాళ్లం. మా ఇండ్లలో డిగ్రీ పట్టా మాతోనే మొదలయ్యింది. అంతమాత్రాన మా ఇండ్లలో విద్య మాతోనే మొదలయ్యిందని అనలేం. పాట, కథ, వాయిద్యం, బొమ్మ మా తాతల కాలం నుంచీ ఉన్నాయి. వాటిని రాసిపెట్టినవాళ్లు తక్కువ. ఇప్పుడు రాయడం వచ్చినవాళ్లం మనం. ఒక చిన్న సంగతి చేతికి దొరికితే, దారం పట్టుకొని పోయినట్లు దాని వెంట ఎంత దూరం పోవచ్చో కొన్ని ఉదాహరణలతో ఈ వ్యాసంలో చూద్దాం.

1. బస్సు బోర్డు మీది చరిత్ర

అన్నింటికంటే సులువైనది ఊరి పేరు. 'హుజూర్' అనేది అరబ్బీ నుంచి ఉర్దూలోకి వచ్చిన మాట. సన్నిధి, ప్రభువుల సముఖం అని దాని అర్థం. 'ఆబాద్' ఫారసీ మాట. జనం నివసించే చోటును ఆబాద్ అంటారు. ఇక హుజూరాబాద్ చుట్టుపక్కల బోర్డులు చూడండి: జమ్మికుంట, ఇల్లందకుంట, వీణవంక. కుంట అంటే చిన్న చెరువు, వంక అంటే చిన్న వాగు. ఒక పేరులో రాజ్యం నడిపినవాళ్ల భాష ఉంది, మిగిలిన పేర్లలో నీళ్లు ఉన్నాయి. ఊరు పుట్టాలంటే ముందు నీళ్లు కావాలి కదా.

ఇదే దారం ఇంట్లోకి కూడా పోతుంది. నిజాం కాలపు భూమి కాగితాలు ఉంటే వాటి మీద ఫసలీ సంవత్సరం కనిపిస్తుంది. దానికి 590 కలిపితే మనం వాడే సంవత్సరం వస్తుంది. 1350 ఫసలీ అంటే 1940–41 అన్నమాట. అట్లాగే శాసనాల్లోని శక సంవత్సరానికి 78 కలపాలి. ఈ రెండు లెక్కలు గుర్తు పెట్టుకుంటే సగం పాత కాగితాలు, పాత రాళ్లు మనతో మాట్లాడుతాయి.

2. సినిమా పాట నుంచి పటం దాకా

2022లో విడుదలైన 'భీమ్లా నాయక్' సినిమా పాట మనలో చాలామంది విన్నాం. ఆ పాట మొదట్లో వినిపించే గొంతు దర్శనం మొగిలయ్యది. ఆయన నాగర్‌కర్నూల్ జిల్లా కళాకారుడు. ఆయన వాయించేది పన్నెండు మెట్ల కిన్నెర. వెదురు బొంగుకు ఎండిన సొరకాయ బుర్రలు కట్టి చేసే తంత్రీ వాయిద్యం ఇది. 2022లో ఆయనకు పద్మశ్రీ ప్రకటించారు. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. మనం ఇంకో ప్రశ్న వేద్దాం: ఈ కిన్నెర ఎవరిది?

కిన్నెర వాయించే డక్కలివారు మాదిగలకు జాంబపురాణం చెప్పేవారు. ఊరూరు తిరిగి, తమను పోషించే వాడల్లో కథ చెప్పి, తమకు రావలసిన కట్నం తీసుకొని పోవడం వారి వృత్తి. జాంబపురాణంలో ఆది జాంబవుడు ఈ భూమి పుట్టకముందే పుట్టినవాడు. ఊరికి చివరన ఉంచిన మనుషులు తమ కథను సృష్టికి ముందు నుంచి మొదలుపెట్టుకున్నారు. దీని గురించి ఒక్క నిమిషం ఆలోచించండి. ఊరు వాళ్లకు ఇవ్వని గౌరవాన్ని ఆ కథ ఇచ్చింది. పుస్తకం లేకుండా, బడి లేకుండా, తండ్రి నోటి నుంచి కొడుకు నోటికి ఆ కథ అందుతూ వచ్చింది.

ఇటువంటి కథలు ఒక్క కులానికే పరిమితం కాలేదు. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణం చెబుతారు. గౌడులకు గౌడజెట్టివారు గౌడ పురాణం చెబుతారు. ముదిరాజులకు కాకిపడగలవారు పాండవుల కథ, గొల్లలకు మందహెచ్చులవారు కాటమరాజు కథ చెబుతారు. చేతివృత్తులవాళ్లకూ, పశువులు కాసినవాళ్లకూ ఎవరి పురాణం వాళ్లకు ఉంది. వీరిలో చాలామంది కథ చెప్పేటప్పుడు గుడ్డ మీద గీసిన పటాన్ని పైనుంచి వేలాడదీసి, ఒక్కో బొమ్మను పుల్లతో చూపిస్తూ పోతారు. ఒక ఘట్టం అయిపోగానే పటాన్ని కొంచెం విప్పుతారు. కరెంటు లేని రోజుల్లో ఊరి నడుమ ఆడిన సినిమా రీలు అది.

ఈ పటాలు గీసేది నకాషీ కుటుంబాలవారు. వారికి పేరుపడిన ఊరు చేర్యాల. ఒకప్పుడు వరంగల్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు, చెట్టు బంక కలిపి పూత పూస్తారు. అది ఆరి గట్టిపడ్డాక ఎర్రటి నేపథ్యం మీద బొమ్మలు వేస్తారు. పటం వెడల్పు సుమారు మూడడుగులు. పొడవు కథను బట్టి ముప్పై, నలభై అడుగులు కూడా దాటుతుంది. ఆ బొమ్మల్లో దేవతలు ఎంత శ్రద్ధగా ఉంటారో కల్లు గీసే మనిషి, మగ్గం నేసే మనిషి, బియ్యం చెరిగే ఆడమనిషి అంతే శ్రద్ధగా ఉంటారు.

పాతబడిన పటాన్ని పారవేయరు. పూజ చేసి నదిలో కలుపుతారు. అందువల్ల చాలా పాత పటాలు మనకు మిగలలేదు. ఇప్పుడు కథ చెప్పించుకునేవాళ్లు తగ్గారు. చేర్యాల బొమ్మకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, పట్నం ఇండ్ల గోడలకు చిన్న చిన్న బొమ్మలుగా అది చేరుతోంది. గీసే చేతికి ఆ విధంగా పని దొరుకుతోంది. కథ చెప్పే నోటికి మాత్రం ఆ గిరాకీ లేదు. కథ తెలిసిన ముసలాయన పోతే పటం చూసి ఇది ఏ ఘట్టమని చెప్పేవాళ్లు ఉండరు.

3. గుట్ట మీద మూడు భాషలు

కరీంనగర్ నుంచి జగిత్యాల పోయే దారిలో గంగాధర మండలం ఉంది. అందులోని కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట, లేక బొమ్మలమ్మగుట్ట ఉంది. గుట్ట బండ మీద జైన తీర్థంకరుల బొమ్మలు, చక్రేశ్వరీదేవి బొమ్మ చెక్కి ఉన్నాయి. వాటి కింద సుమారు 945 నాటి శాసనం ఉంది. సంస్కృతం, కన్నడం, తెలుగు, మూడు భాషలూ అందులో ఉన్నాయి.

దానిని వేయించినవాడు జినవల్లభుడు. ఆయన అన్న పంపడు కన్నడ సాహిత్యంలో ఆదికవి. వేములవాడ చాళుక్య రాజు రెండవ అరికేసరి ఆస్థానంలో ఉండి, 941 ప్రాంతంలో 'విక్రమార్జున విజయం' రాశాడు. అంటే కన్నడంవాళ్లు మొదటి మహాకవిగా గౌరవించే మనిషికి అన్నం పెట్టిన రాజ్యం మన వేములవాడది. ఆ అన్నదమ్ముల పూర్వీకులు వేంగి ప్రాంతంలోని తెలుగు నేల నుంచి వచ్చినవారని ఈ శాసనమే చెబుతోంది. జినవల్లభుడు త్రిభువనతిలకం అనే బసదిని కట్టించాడు. కవితాగుణార్ణవం అనే చెరువును తవ్వించాడు. మదనవిలాసం అనే తోటను పెంచాడు. కవితాగుణార్ణవుడు అన్నది పంపడి బిరుదు. అన్న పేరు నిలబెట్టడానికి తమ్ముడు చెరువు తవ్వించాడన్నమాట!

తెలుగువాళ్లకు ఇందులో ఇంకా ముఖ్యమైన సంగతి ఒకటి ఉంది. శాసనం చివర మూడు తెలుగు కంద పద్యాలు ఉన్నాయి. నన్నయ ఆశ్రయించిన రాజరాజనరేంద్రుడు రాజ్యానికి వచ్చింది 1022లో. నన్నయ భారతానికి సుమారు నూరేండ్ల ముందే కరీంనగర్ గుట్ట మీద ఛందస్సు తప్పని తెలుగు పద్యం ఉంది. తెలుగుకు 2008లో ప్రాచీన భాష హోదా వచ్చింది. మన భాష పాతదనం గురించి మాట్లాడేటప్పుడు పండితులు చూపించే సాక్ష్యాల్లో ఈ బండ కూడా ఒకటి.

ఒకే నేల మీద పలు భాషలు కలిసి ఉండడం తర్వాత కూడా సాగింది. హుజూరాబాద్‌కు దగ్గరలోని వంగర పి.వి. నరసింహారావు గారి ఊరు. ఆయన విశ్వనాథ సత్యనారాయణ 'వేయిపడగలు' నవలను 'సహస్రఫణ్' పేరుతో హిందీలోకి మార్చారు. హరి నారాయణ ఆప్టే మరాఠీ నవలను 'అబల జీవితం' పేరుతో తెలుగులోకి తెచ్చారు. ప్రధానమంత్రి అన్న సంగతి అందరికీ తెలుసు. అనువాదకుడు అన్నది పక్క ఊరివాళ్లకైనా తెలియాలి.

కరీంనగర్ గుట్టలు గ్రానైట్‌కు పేరుపడ్డాయి. రాయి కోసేవాడికి గుట్ట ఘనపు మీటర్ల లెక్క. దాని మీద ఏముందో తెలిసినవాళ్లు ఊళ్లో నలుగురుంటేనే ఆ లెక్కను ఆపమని అడిగేవాళ్లు ఉంటారు.

4. మాటలు లేని సినిమాలో కరీంనగర్ మనిషి

1909లో కరీంనగర్‌లో పుట్టిన పైడి జైరాజ్ నిజాం కాలేజీలో చదివి, మూకీల కాలంలో, 1929 ప్రాంతంలో బొంబాయి చేరి నటుడయ్యారు. మూకీ సినిమాలో మనిషి ఏ ఊరివాడైనా ఫరవాలేదు, మాట వినిపించదు కదా. టాకీలు వచ్చాక చాలామంది నటులకు భాష అడ్డం వచ్చింది. ఉర్దూ రాజభాషగా ఉన్న హైదరాబాద్ రాజ్యంలో చదువుకున్న జైరాజ్ మాత్రం టాకీల్లోనూ హీరోగా నిలబడ్డారు. చారిత్రక పాత్రలకు పేరు పొందారు. 1980 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్నారు. 2000లో ముంబయిలో కన్నుమూశారు. హైదరాబాద్ రవీంద్రభారతిలోని చిన్న సినిమా హాలుకు ఇప్పుడు ఆయన పేరు ఉంది.

5. గుంజాలలో దొరికిన అక్షరాలు

గోండి భాషకు లిపి లేదని చాలాకాలం పుస్తకాల్లో చదువుకున్నారు. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలం గుంజాల గ్రామంలో కొన్ని ఇండ్లలో పాత చేతిరాత ప్రతులు ఉండేవి. వాటిని చదవగలిగిన పెద్దవాళ్లు కొద్దిమందే మిగిలారు. 2006 ప్రాంతంలో ఆచార్య జయధీర్ తిరుమలరావు, ఆయన బృందం ఆ ప్రతుల దగ్గరికి వెళ్లారు. ఆ పెద్దల దగ్గర కూర్చొని అక్షరం అక్షరం నేర్చుకున్నారు. తర్వాత ఆ లిపికి వాచకాలు వచ్చాయి, కంప్యూటర్ అక్షరాలు వచ్చాయి. 2018లో గుంజాల గోండి లిపి యూనికోడ్‌లో చేరింది. ఒక చిన్న గూడెం పేరు ప్రపంచంలోని లిపుల జాబితాలో ఉంది.

ఆ ప్రతులు అంతకుముందు కూడా అదే ఊళ్లో, అవే ఇండ్లలో ఉన్నాయి. వచ్చి అడిగినవాళ్లు, విని రాసుకున్నవాళ్లు దొరకడమే కొత్త. బొమ్మలగుట్టకైనా, జాంబపురాణానికైనా, మీ ఊరి బొడ్రాయికైనా ఇదే వర్తిస్తుంది.

6. మనం చేయవలసిన పద్ధతి

ఒక నూరు పేజీల నోటుబుక్కు, ఒక పెన్ను చాలు. ఫోను ఉంటే ఇంకా మంచిది.

(అ) ఏం చూశాం, ఎక్కడ, ఏ తేదీన అన్నది మొదటి వాక్యంలోనే రాయాలి. తేదీ లేని రాత కొన్నేండ్లకు పనికిరాకుండా పోతుంది.

(ఆ) ఎవరు చెప్పారో రాయాలి. చెప్పినవారి మాటను వారి మాటలోనే రాయాలి. మన పుస్తక భాషలోకి మార్చితే అందులోని సగం సంగతి పోతుంది.

(ఇ) చూసినది, విన్నది, చదివినది వేరువేరుగా రాయాలి. "బండ మీద అక్షరాలు ఉన్నాయి" చూసినది. "రాజు వేయించాడు" విన్నది. ఈ రెండూ కలిస్తే చరిత్ర పుకారు అవుతుంది.

(ఈ) "మొట్టమొదటిది", "ప్రపంచంలోనే పెద్దది" అన్న మాట వినబడితే రెండో ఆధారం దొరికేదాకా పక్కన పెట్టాలి. పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారి సంపాదకత్వంలో కరీంనగర్ జిల్లా శాసనాల సంపుటం 1974లో వచ్చింది. గ్రంథాలయంలో ఇటువంటి పుస్తకాలు అడగండి. రెండుసార్లు అడిగితే బీరువా తెరుస్తారు.

(ఉ) శాసనం మీద సుద్దముక్కతో, ఆయిల్ పెయింటుతో గీయరాదు. పటాన్ని, తాళపత్రాన్ని అడగకుండా ముట్టుకోరాదు. పాట రికార్డు చేసేముందు అనుమతి తీసుకోవాలి, తర్వాత వారికి ఒకసారి వినిపించాలి. కళాకారుడి పూట కూలీ పోతుంటే, ఆ సంగతి మనకు గుర్తుండాలి.

(ఊ) మొదటి పాఠం ఇంట్లోనే మొదలుపెట్టాలి. నాయనమ్మ నాట్లప్పుడు పాడిన పాట, తాత చెప్పిన కులపురాణం, డప్పులో ఏ సందర్భానికి ఏ దరువు అన్నవి అడిగి రాయండి. స్నేహితుల ముందు చెప్పుకోవడానికి మొహమాటపడే సంగతులే చాలావరకు విలువైనవిగా తేలుతాయి.

అభ్యాసం

1. మీ ఊరి పేరును రెండు ముక్కలు చేసి, ఒక్కో ముక్క అర్థం రాయండి. ఊరి పెద్దలు చెప్పే కథ వేరుగా ఉంటే దానిని పక్కన రాయండి.

2. మీ వాడకు కథ చెప్పడానికి ఒకప్పుడు ఎవరు వచ్చేవారు? చివరిసారి ఏ సంవత్సరం వచ్చారు? ఎందుకు రావడం లేదు?

3. శక సంవత్సరం 1135 ఉన్న శాసనం ఏ సంవత్సరానిది? 1341 ఫసలీ కాగితం ఏ సంవత్సరానిది?

4. మీ ఇంట్లో అరవై ఏండ్లు దాటిన ఒకరితో గంటసేపు మాట్లాడి రెండు పేజీలు రాయండి.

నాలుగో ప్రశ్నకు జవాబులు వచ్చే సంవత్సరం వార్షికోత్సవ సంచిక కోసం వార్డెన్ సారు దగ్గర ఇవ్వండి. దసరా సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు మొదలుపెడితే సంక్రాంతి నాటికి పూర్తి చేయవచ్చు. ముసలివాళ్లున్న ఇండ్లలో మాత్రం దసరా దాకా కూడా ఆగకండి.