గడ్డకట్టే నీరు - ముందు జాగ్రత్త

పల్నాడు జిల్లాలోని అచ్చంపేటలో గొట్టాలలోని నీరు వేసవి ఎండకు కాగుతుందే గాని, ఎన్నడూ గడ్డకట్టదు. ఈ ప్రాంతపు యువకులు చదువులకై వెళ్ళే అమెరికాలో పరిస్థితి వేరు. అక్కడ వంటగది, స్నానాలగది, నీటితొట్టి గల ‘ఆర్‌వీ’ అనే విహారవాహనాలను రెండు యాత్రల నడుమ ఆరుబయట నిలిపి ఉంచుతారు. చలికి వాటిలో నిలిచిన నీరే వాటికి శత్రువు.

నీరు 4 డిగ్రీల సెల్సియస్ వరకు సంకోచించి, ఇంకా చల్లబడితే వ్యాకోచిస్తుంది. మంచుగా మారినపుడు దాని ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. ఆ ఒత్తిడికి లోహపు గొట్టాలు సైతం పగులుతాయి. 2021 ఫిబ్రవరిలో, తెలుగువారు అధికంగా నివసించే టెక్సాస్ రాష్ట్రంలో మంచుతుఫాను వల్ల ఎన్నో ఇళ్ళలో గొట్టాలు పగిలాయి. ఇళ్ళకే ఆ గతి పట్టినపుడు ఆరుబయటి వాహనం సంగతి చెప్పనక్కరలేదు.

కనుక యాత్ర ముగియగానే హీటరును ఆపి, అది చల్లారిన పిదప అందులోని నీటిని, తొట్టిలోని నీటిని పూర్తిగా తీసివేయాలి. కుళాయిలు తెరచి, గొట్టాలలోనికి తక్కువ ఒత్తిడితో గాలిని పంపాలి. వంపులలో మిగిలిన నీరు గడ్డకట్టకుండా, ఇందుకై తయారైన ప్రొపిలీన్ గ్లైకాల్ ద్రావణాన్ని పోయాలి. కార్ల రేడియేటర్లలో వాడే ఇథిలీన్ గ్లైకాల్ విషం. దానిని తాగునీటి గొట్టాలలో వాడరాదు. మరల బయలుదేరే ముందు గొట్టాలను మంచినీటితో బాగుగా కడగాలి.

ప్రశ్నలు
1. గడ్డకట్టిన నీరు గొట్టాలను ఎందుకు పగులగొడుతుంది?
2. విహారవాహనాన్ని నిలిపి ఉంచేముందు పాటించవలసిన జాగ్రత్తలను వరుసగా వివరించండి.