గంటకు 24 పౌండ్లు: చేతికొచ్చేదెంత?

బ్రిటన్ ఆసుపత్రుల్లో కొత్తగా చేరిన మన నర్సులకు మొదటి జీతం పడగానే ఒక గుబులు మొదలవుతుంది. పక్క బేలో అదే డ్యూటీ చేసే ఏజెన్సీ అమ్మాయికి గంటకు 24 పౌండ్లట, మనకు 16 కూడా లేవేమిటని.

ముందు మన లెక్క చూద్దాం. ఇంగ్లండ్‌లో ఎన్‌హెచ్‌ఎస్ బ్యాండ్ 5 మొదటి మెట్టు 2025-26లో ఏడాదికి 31,049 పౌండ్లు. వారానికి 37.5 గంటల చొప్పున గంటకు 15.88 పడుతుంది. ఓస్కీ నైపుణ్య పరీక్ష పాసై నర్సు రిజిస్ట్రేషన్ పిన్ వచ్చేదాకా అంతకన్నా కింది బ్యాండే. అయితే ఇది మామూలు రోజు పగటి రేటు. రాత్రికీ శనివారానికీ 30 శాతం, ఆదివారానికీ బ్యాంక్ హాలిడేకీ 60 శాతం కలుపుతారు. అంటే ఆదివారం గంటకు 25 పౌండ్లు దాటుతుంది. అందుకే రోస్టర్ చూడకుండా జీతాలు పోల్చుకోవడం వృథా.

ఇక ఆ 24 సంగతి. ఏజెన్సీని అడగాల్సిన మొదటి ప్రశ్న, ఇది పీఏవైఈ రేటా (ఏజెన్సీయే నేరుగా జీతమిచ్చేది), అంబ్రెల్లా రేటా (మధ్యలో మరో కంపెనీ ద్వారా ఇచ్చేది) అని. అంబ్రెల్లా అయితే, యజమాని కట్టాల్సిన 15 శాతం నేషనల్ ఇన్సూరెన్స్ కూడా ఆ 24లోంచే పోతుంది. అప్రెంటిస్‌షిప్ లెవీ, కంపెనీ రుసుము కూడా అందులోవే. మిగిలిన దాంట్లోనే 12.07 శాతం సెలవు జీతం కలిసి ఉంటుంది. వారమంతా 37.5 గంటలు చేసి, రుసుము 20 పౌండ్లనుకుంటే, అసలు రేటు గంటకు 18.40 దగ్గర తేలుతుంది. మీ ఆదాయపు పన్ను ఇంకా మొదలే కాలేదు. సెలవు జీతం ముందే చేతికిచ్చేస్తారు కాబట్టి, సంక్రాంతికి ఊరెళ్లిన నెల ఖాతాలో ఏమీ పడదు.

అదే ఆసుపత్రి ఉద్యోగికైతే ఏడాదికి 27 రోజుల జీతంతో సెలవు, పైన 8 బ్యాంక్ హాలిడేలు. మొదటి ఏడాదిలోనే జబ్బు చేస్తే ఒక నెల పూర్తి జీతం, రెండు నెలలు సగం. ఇంగ్లండ్‌లో పెన్షన్‌కు యజమాని జమచేసేది 23.7 శాతం. మన 15.88కి అది గంటకు మరో 3.76. 18.40ని ఇక్కడే దాటేశాం. ఇంటికి డబ్బు పంపాలని పెన్షన్ వద్దనుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్ల అవసరం అర్థమవుతుంది, కానీ ఆ సంతకం చేసేముందు ఒక్క నెల ఆగమంటాను.

పైగా వీసా ఒకటుంది. మీ స్పాన్సర్‌షిప్ ఆసుపత్రిది. మనుషుల్ని వేరేచోట పనికి పంపే ఏజెన్సీ ఆ తరహా ఉద్యోగానికి స్పాన్సర్ చేయలేదు. కాబట్టి మొదట్లో ఏజెన్సీ అంటే, మీ మామూలు డ్యూటీ పూర్తిచేశాక వారానికి 20 గంటల లోపు చేసుకునే అదనపు పని మాత్రమే. డిపెండెంట్ వీసా మీద వచ్చి పిన్ తెచ్చుకున్నవాళ్ల దారి వేరు. వాళ్లకు ఈ కట్టుబాటు లేదు, చిన్నపిల్లలుంటే తమకు నచ్చిన షిఫ్టులే ఎంచుకునే ఏజెన్సీ పని వాళ్లకు నిజంగానే నప్పుతుంది.

మిగతావాళ్లు ముందుగా తమ ఆసుపత్రి బ్యాంకులో, అంటే అదనపు షిఫ్టులకు ఆసుపత్రే నడిపే సిబ్బంది జాబితాలో, పేరు నమోదు చేసుకోవడం మేలు. రేటు ఏజెన్సీకన్నా కాస్త తక్కువే కావచ్చు, కానీ తెలిసిన వార్డు, తెలిసిన కంప్యూటరు. అర్ధరాత్రి కొత్తచోట మందుల అల్మరా తాళాల కోసం వెతుక్కునే బాధ ఉండదు. ఇవన్నీ అడిగి తెలుసుకోవడానికి మలయాళీ సీనియర్లు దొరికినంతగా తెలుగు సీనియర్లు దొరకరు. ఒకప్పటి బ్రిటన్ నియామక నియమావళిలో, చురుగ్గా నర్సులను తీసుకోకూడని భారత రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ పేరుండేది మరి. మలయాళీలనే మొహమాటం లేకుండా అడగండి, పేస్లిప్ తీసి మరీ చూపిస్తారు.

ఆ పేస్లిప్‌లో ట్యాక్స్ కోడ్ కూడా చూడండి. రెండో పనికి సాధారణంగా ‘బీఆర్’ అని ఉంటుంది, మొదటి పౌండు నుంచే 20 శాతం పోతుంది. పన్ను లేని 12,570 పౌండ్లూ అసలు ఉద్యోగంలోనే వాడేశారు కనుక అది సరైన కోతే. అసలు ఉద్యోగానికే ‘బీఆర్’ పడి ఉంటే మాత్రం ఆ రోజే పన్ను శాఖ హెచ్‌ఎంఆర్‌సీకి ఫోన్ చేయండి.