పెద్ద విమానం దాటిపోయాక

చి. అమ్మలూ,

వచ్చే వారం నిన్ను సోలోకి పంపుతారట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. కాస్త భయపడుతూనే చెప్పిందిలే. విమానం నడపడం మీ ఇన్‌స్ట్రక్టర్ నేర్పుతాడు, అందులో నేను వేలు పెట్టను. కానీ నువ్వు నేర్చుకుంటున్నది శాంటా ఆనాలోని జాన్ వేన్ ఎయిర్‌పోర్ట్‌లో. అక్కడ నీ సెస్నా 172 దిగే రన్‌వే పక్కనే బోయింగులు దిగుతుంటాయి. 2008 మార్చిలో శంషాబాద్ తెరిచేదాకా బేగంపేటలో మాకైతే ఆ పక్క రన్‌వే కూడా లేదు. జెట్లకీ, మా ట్రైనర్లకీ ఒకటే. అందుకే వేక్ టర్బులెన్స్ గురించి నాలుగు మాటలు రాస్తున్నాను.

ఎగిరే రెక్క కింద గాలి ఒత్తిడి ఎక్కువ, పైన తక్కువ. కింది గాలి రెక్క కొసలు చుట్టుకుని పైకి పోతుంది. అలా రెండు కొసల నుంచీ రెండు సుడులు పుట్టి, ఎదురెదురు దిశల్లో తిరుగుతూ విమానం వెనక బారుగా మిగిలిపోతాయి. వేక్ టర్బులెన్స్ అంటే ఇదే. దీన్ని పడవ వెనక నీటి జాడతో పోల్చి చెప్పేవాళ్లున్నారు. నాకా పోలిక నచ్చదు. పడవ జాడ కంటికి కనిపిస్తుంది, నీటి మట్టం దాటి పోదు. ఈ సుడులు కనిపించవు, పైగా కిందికి దిగుతాయి. నిమిషానికి సుమారు 300 నుంచి 500 అడుగుల చొప్పున దిగి, జెట్ వెళ్లిన దారికి 500 నుంచి 1,000 అడుగుల కింద కాసేపు నిలుస్తాయి. నువ్వు వెళ్తున్న ఎత్తులో ఎవరూ లేరని నిశ్చింతగా ఉండే చోటే అవి ఉండొచ్చు.

విమానం ఎంత బరువుంటే, ఎంత నెమ్మదిగా పోతుంటే సుడి అంత బలంగా ఉంటుంది. వేగం తగ్గినా రెక్క మోయాల్సిన బరువు తగ్గదు కదా. ఫ్లాప్స్ వేయకపోతే మరీ బలం. జెట్లు నెమ్మదించేది ఎయిర్‌పోర్ట్ దగ్గరే, నువ్వుండేదీ అక్కడే.

నీ ఎయిర్‌పోర్ట్ కథే చెబుతాను. 1993 డిసెంబర్ 15న వెస్ట్‌విండ్ అనే బిజినెస్ జెట్ ఒకటి అక్కడ దిగడానికి వస్తూ కూలిపోయింది. అందులో ఉన్న ఐదుగురూ చనిపోయారు. ముందు బోయింగ్ 757 వెళ్తోంది. రెంటికీ మధ్య దూరం రెండు మైళ్ల పైచిలుకు. వెస్ట్‌విండ్ దారి మాత్రం బోయింగ్ దిగిన దారికి దాదాపు 400 అడుగుల కింద ఉంది. ముందు బోయింగ్ ఉందనీ, అది ఎత్తులో వస్తోందనీ ఆ పైలట్లకు తెలుసు. వేక్ తగలొచ్చనీ అనుకున్నారు. ఆ రోజుల్లో అమెరికా లెక్కల్లో 757 'హెవీ' కాదు. బరువు 'హెవీ' హద్దుకు లోపలే ఉండటంతో దాని వెనక పెద్ద ఎడం అడిగేవాళ్లు కాదు. ఈ ప్రమాదం తర్వాతే ఆ దూరాలు పెంచారు. వెస్ట్‌విండ్ పది టన్నుల జెట్. నీ సెస్నా గట్టిగా టన్ను పైన ఓ వంద కిలోలు.

నా అసలు మాట ఇదీ. టవర్ నీకు "ఆ బోయింగ్ వెనక రా, వేక్ టర్బులెన్స్ జాగ్రత్త" అంటుంది. "ట్రాఫిక్ ఇన్ సైట్" అని నువ్వు ఒప్పుకున్న క్షణం నుంచి, ఎంత ఎడం ఉండాలో చూసుకునే బాధ్యత నీదే. కంట్రోలర్ మాట హెచ్చరిక మాత్రమే. కుర్ర పైలట్లు దాన్ని అనుమతిగా వింటారు, నాకు చిరాకొచ్చేది అక్కడే.

కనుక జెట్ కనబడగానే అది వచ్చిన దారిని మనసులో గీసుకో. ఫైనల్‌లో ఎప్పుడూ ఆ గీతకు పైనే ఉండు. దాని చక్రాలు నేలను తాకినప్పుడు టైర్ల పొగ లేస్తుంది, ఆ చోటు గుర్తుపెట్టుకుని దాటాకే దిగు. ముక్కు చక్రం నేలకు ఆనాక రెక్క మోసే బరువు దాదాపు పోతుంది, సుడి ఆగుతుంది. అలా దాటి దిగడానికి రన్‌వే చాలదనిపిస్తే దిగకు, గో అరౌండ్ చెయ్యి. టేకాఫ్‌కు లెక్క తిరగబడుతుంది: జెట్ ముక్కు లేపిన చోటుకు ముందే నువ్వు లేచిపోవాలి, ఆపైన దాని దారికి పైగానో, గాలి వచ్చే వైపుకో ఉండాలి. జెట్ అప్పుడే దిగి ఉంటే, అది దిగిన చోటు దాటాక లేవాలి.

ప్రశాంతంగా ఉన్న పొద్దులను నమ్మకు. నేల దగ్గరికొచ్చిన సుడులు రెండు మూడు నాట్ల వేగంతో చెరో పక్కకు జరుగుతాయి. చిన్న అడ్డగాలి చాలు, ఒకదాన్ని రన్‌వే మీదే నిలబెట్టి రెండోదాన్ని పక్క రన్‌వే మీదికి తోస్తుంది. రెండు రన్‌వేల మధ్య 2,500 అడుగుల కంటే తక్కువుంటే ఈ సంగతి పట్టించుకోవాలంటారు. మీ దగ్గర ఎడం అందులో చిన్న ముక్క.

సుడిలో పడితే విమానం ఒక్కసారిగా ఒరిగిపోతుంది, ఐలెరాన్లు పూర్తిగా తిప్పినా ఆగకపోవచ్చు. ముక్కు లాగకు. కాస్త కిందికి వదిలి, పవర్ ఇచ్చి, దగ్గరి వైపు నుంచి రెక్కలు సమం చెయ్యి. రడర్‌ను అటూ ఇటూ తన్నొద్దు. 2001 నవంబర్‌లో న్యూయార్క్‌లో ఎయిర్‌బస్ ఎ300 నిలువు తోక ఊడిపోయింది ఆ తన్నుళ్ల వల్లనే. ముందెళ్లిన 747 సుడి కొద్దిగా తగిలిందంతే. ఇదంతా ఎత్తు చేతిలో ఉన్నప్పటి మాట. 200 అడుగుల్లో పడితే ఏ విద్యా సరిపోకపోవచ్చు.

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో లెక్కలో 7,000 కిలోల లోపు విమానం, మీడియం వెనకైనా హెవీ వెనకైనా దిగేటప్పుడు మూడు నిమిషాలు ఆగాలి. కానీ శాంటా ఆనాలో నువ్వు కంటితో చూసి దిగేటప్పుడు ఆ మూడు నిమిషాలు ఎవరూ లెక్కపెట్టరు. టేకాఫ్‌కు వరసలో ఉన్నప్పుడైనా, ఫైనల్‌కు తిరగబోయే ముందైనా, అనుమానం వస్తే రేడియోలో ఇంకాస్త సమయం కావాలని అడుగు. వెనక విమానాలు బారులు తీరినా సరే అడుగు. ఏ కంట్రోలరూ తప్పు పట్టడు.

ఆశీస్సులతో,
పెదనాన్న