నేటి తులాభారం

మనిషి బరువుకూ దానానికీ గల సంబంధం తెలుగువారికి కొత్తది కాదు. శ్రీకృష్ణ తులాభార కథలో సత్యభామ నగలన్నీ రాశిగా పోసినా త్రాసు తూగలేదు. రుక్మిణి భక్తితో ఉంచిన ఒక్క తులసీదళంతో తూగింది. మేడారం జాతరలో భక్తులు తమ బరువుకు సరితూగే బెల్లాన్ని ‘బంగారం’ పేరుతో వనదేవతలకు సమర్పిస్తారు. అక్కడ శరీరపు బరువే దానానికి కొలత. తగ్గించుకున్న బరువును కొలతగా చేసుకోవడం నేటి తులాభారం.

స్థూలకాయంతో బాధపడే ఒక వ్యక్తి ఆరు కిలోలు తగ్గాలని సంకల్పించి, ఆ మాటను ఆత్మీయుల ముందు ప్రకటించాడనుకొందాం. పాతికమంది కిలోకు 50 రూపాయల చొప్పున విరాళమిస్తామంటే, సంకల్పం నెరవేరిన నాడు 7,500 రూపాయలు సమకూరుతాయి. తనకోసమే పెట్టుకొన్న నియమాన్ని మనిషి తేలికగా సడలించుకొంటాడు. పరుల మేలు దానితో ముడిపడితే అది ఇచ్చిన మాట అవుతుంది.

శరీరశ్రమతో సమాజ హృదయాన్ని కదిలించినవారు చరిత్రలో ఉన్నారు. కాలినడకన పల్లెలు తిరిగిన వినోబా భావేకు 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో తొలి భూదానం లభించింది. క్యాన్సర్ వల్ల కాలు కోల్పోయిన కెనడా యువకుడు టెర్రీ ఫాక్స్ 1980లో కృత్రిమ కాలితో 143 రోజులు పరుగెత్తి, ఆ వ్యాధి పరిశోధనకు విరాళాలు సేకరించాడు.

అట్టి కృషికి మన ప్రాంతంలో తగిన లక్ష్యం ఆటిజం గల పిల్లల సేవ. ఆటిజం అంటువ్యాధి కాదు. తల్లిదండ్రుల పెంపకంలోని లోపమూ కాదు. అది మెదడు ఎదుగుదలలోని భిన్నత్వం. ఈ పిల్లల్లో కొందరికి మాట ఆలస్యంగా వస్తుంది. కొందరికి చిన్న శబ్దమైనా భరింపరానిదవుతుంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని గుర్తించింది. కనుక వీరికి కావలసినది జాలి కాదు, అవకాశం.

మేధో వైకల్యం గలవారికోసం 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ సికింద్రాబాదులో ఉన్నది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పట్టణాలు అక్కడికి వంద కిలోమీటర్లకు పైగా దూరం. రోజుకూలీపై బ్రతికే తల్లి బిడ్డను అంతదూరం తీసుకొనిపోతే ప్రయాణపు ఖర్చులతోపాటు ఆనాటి కూలీ కూడా పోతుంది. శిక్షణ ఒక్కనాటితో ముగిసేదీ కాదు. విరాళం ఆ ప్రయాణ ఖర్చుకూ, మండలాల్లోని భవిత కేంద్రాల్లో బోధనకు పనికివచ్చే బొమ్మల కార్డులకూ ఉపయోగపడవచ్చు. ఏది అవసరమో ముందుగా ఆ తల్లిదండ్రులనే అడగాలి. ఖర్చు లెక్కను దాతలకు చూపాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. విరాళం పెరగాలని పస్తులుండి బరువు తగ్గడం ఆరోగ్యానికి హాని. ఎదిగే వయసులోని విద్యార్థులు వైద్యుని సలహా లేనిదే అందుకు పూనుకోరాదు. వారు కిలోలకు బదులుగా నడిచిన రోజులను లెక్కించుకోవచ్చు. జొన్నరొట్టె, ఆకుకూర, పప్పు తిని, వేకువనే గంటసేపు నడిచినా సంకల్పం సిద్ధిస్తుంది.

ఇచ్చినది ఎంత అన్నది కాదు, ఏ మనసుతో ఇచ్చారన్నదే తులసీదళం చెప్పిన నీతి. మన శ్రమవల్ల ఒక పసివాడు ‘అమ్మా’ అని పిలువనేర్చినా, బొమ్మ చూపి దాహమని తెలుపనేర్చినా, ఆనాడు మన తులాభారం తూగినట్లే.

ప్రశ్నలు
1. సొంత నియమం ఇచ్చిన మాటగా ఎప్పుడు మారుతుంది?
2. ఆటిజం గల పిల్లలకు కావలసినది జాలి కాదని ఎందుకు చెప్పవచ్చు?
3. విద్యార్థులు కిలోలకు బదులు దేనిని లెక్కించుకోవాలి? ఎందుకు?