పెరటి కోడి రెక్కలు: కత్తిరింపు వెనుక శాస్త్రం

తెలుగు పల్లెలో పగలంతా వీధులు తిరిగి, పొద్దు గుంకేసరికి గంప కిందకు చేరే కోడికి కంచెతో పనిలేదు. అమెరికాలో పరిస్థితి వేరు. అక్కడి అనేక నగరాలు పుంజులను నిషేధించి, కొద్ది సంఖ్యలో పెట్టలను మాత్రం పెరట్లో పెంచుకోనిస్తాయి. కంచె దాటిన పెట్ట యజమానికి ఇరుగుపొరుగుతో తగవును, తనకు ప్రాణాపాయాన్ని తెచ్చుకుంటుంది. అందుచేత రెక్క కత్తిరించే పద్ధతి వాడుకలో ఉంది. ఇది పక్షికి బాధాకరమా అన్న సందేహం పిల్లలకే కాదు, పెద్దలకూ సహజమే. దీనికి సమాధానం ఈక నిర్మాణంలో ఉంది.

కోడి ఎంతవరకు ఎగురుతుంది?

పెంపుడు కోళ్లకు ప్రధాన మూలం దక్షిణ, ఆగ్నేయాసియా ప్రాంతాలకు చెందిన ఎర్ర అడవికోడి. అది రాత్రివేళ చెట్ల కొమ్మలపై విశ్రమిస్తుంది. కోడి రొమ్ము కండరంలో ఆక్సిజన్‌ను నిల్వచేసే మయోగ్లోబిన్ స్వల్పం. అందుకే ఆ మాంసం తెల్లగా ఉంటుంది. ఆ కండరం ప్రధానంగా గ్లైకోజెన్‌ను ఆక్సిజన్ ప్రమేయం లేకుండా వేగంగా విచ్ఛిన్నం చేసి శక్తిని పొందుతుంది. ఈ శక్తి దూరప్రయాణానికి చాలదు గాని, కంచె దాటడానికి చాలు. లెగ్‌హార్న్ వంటి తేలిక జాతులు ఐదారు అడుగుల కంచెను దాటగలవు. బ్రహ్మ, కొచ్చిన్ వంటి బరువైన జాతులకు సాధారణంగా కత్తెర అవసరమే రాదు.

ఈక రసాయనం

ఈకలో సుమారు 90 శాతం కెరటిన్ అనే ప్రోటీను. గోళ్లు, వెంట్రుకలు కూడా ఈ తరగతి ప్రోటీన్లతోనే ఏర్పడతాయి. దీని అణువులను గంధకపు బంధాలు గట్టిగా కలిపి ఉంచుతాయి. కోడిని మంటపై కాల్చేటప్పుడు వచ్చే ఘాటైన వాసనకు ఒక కారణం ఈ గంధకమే. పూర్తిగా ఎదిగిన ఈక కాడలో రక్తం గాని, నరాలు గాని ఉండవు. గనుక దానిని కత్తిరించడం గోరు తీయడం వంటిదే. ఎదుగుతున్న ఈక అలా కాదు. దాని కాడ నల్లగా లేదా నీలంగా కనిపిస్తుంది. లోపల రక్తం ప్రవహిస్తుంటుంది. దానిని కోస్తే నొప్పి, రక్తస్రావం తప్పవు.

పద్ధతి

చీకటి పడ్డాక కోడి నెమ్మదిగా ఉంటుంది. ఒకరు పట్టుకోగా, మరొకరు ఒక రెక్కను మాత్రమే విప్పి, వెలుతురులో కాడలను పరీక్షించాలి. రెక్క చివరనున్న పది పొడవాటి ఈకలను, వాటి మొదళ్లను కప్పే చిన్న ఈకల అంచు వెంబడి కత్తిరించాలి. ఒకే రెక్క ఎందుకు? రెండు వైపులా బలం సమానం కానప్పుడు పక్షి ఒక పక్కకు ఒరిగిపోతుంది. రెండూ కత్తిరిస్తే సమతూకం నిలిచి, తేలికైన కోడి తక్కువ ఎత్తు కంచెను ఇంకా దాటవచ్చు. పొరపాటున రక్తం వస్తే మొక్కజొన్న పిండి అద్ది, శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టాలి. ఆగకపోతే పశువైద్యుని సంప్రదించాలి.

రెక్క చివరి ఎముకను తొలగించే శస్త్రచికిత్స వేరొకటి ఉంది. అది శాశ్వతమైన అంగవిచ్ఛేదం. ఇంటి కోడికి ఎంతమాత్రం తగదు.

మళ్లీ పెరిగేదెప్పుడు?

కత్తిరించిన ఈక పెరగదు. శరదృతువులో పగటి కాలం తగ్గినప్పుడు కోడి పాత ఈకలను రాల్చి కొత్తవి వేసుకుంటుంది. అప్పుడు సాధారణంగా గుడ్లు పెట్టడం మానుతుంది. కొత్త కెరటిన్‌కు గంధకం గల అమైనో ఆమ్లాలు కావాలి. వాటిలో మెథియోనిన్‌ను కోడి శరీరం తయారుచేసుకోలేదు గనుక దాణాలో ప్రోటీను పుష్కలంగా ఉండాలి. కొత్త ఈకలు ముదిరి, కాడలు తెల్లబడిన తరువాతనే మళ్లీ కత్తెర పట్టాలి.

ఆలోచించవలసిన విషయం

కోడికి ఉన్న ముఖ్యమైన రక్షణ ఆ క్షణకాలపు ఎగురుడే. కుక్క గాని, రాకూన్ గాని పైబడినప్పుడు రెక్క తెగిన పెట్ట ఎత్తుకు చేరలేదు. కనుక రెక్క కత్తిరించేవారు పక్షికి గట్టి కంచె, రాత్రికి మూసిన గూడు, అందుబాటు ఎత్తులో కూర్చునే కర్ర అమర్చాలి. పైన వల కప్పిన ఆవరణ ఉంటే చాలా ఇళ్లలో కత్తెరతో పనే ఉండదు. ఎగిరే శక్తిని తీసుకున్నవారు రక్షణ బాధ్యతను కూడా తీసుకోవాలని పిల్లలకు తెలియజెప్పడానికి పెరటి కోడి చక్కని పాఠం.