కడుపునిండా నీళ్లు తాగి బయల్దేరాం

మా అమ్మాయి హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి, ఆఫీసు వాళ్లంతా కలిసి రిషికేశ్ వెళ్తున్నామంది. నేను వెంటనే, "మీ నాన్నమ్మ పేరు చెప్పి గంగలో ఓ మునక వేసి రావే" అన్నాను. "మేం మునగడానికి కాదమ్మా వెళ్లేది, పడవలోంచి పడకుండా ఉండడానికి" అంది! నాలుగు రోజుల తరవాత వీడియో పంపింది. శివపురి దగ్గర గాలి పడవ ఎక్కి, నెత్తిన హెల్మెట్లు పెట్టుకుని, నురగల్లో ఎగిరెగిరి పడుతూ ఒకటే కేకలు.

ఆ వీడియో మా టైలరప్ప కొట్లో కూచుని అందరం చూశాం. అందరం అంటే ఎవరనుకున్నారు? టైలరప్ప, నేను, మా పెద్దొదిన, అంగన్‌వాడీ టీచరు, జీడి బట్టీల్లో పిక్కలు కొట్టే అప్పాచెల్లెళ్లిద్దరు, ఇంకా మా బాప్ప, అంటే మేనత్త. బాప్పకి అరవై దాటాయి. ఫోను కళ్లకి దగ్గరగా పెట్టుకుని రెండుసార్లు చూసి, "ఆళ్లకి గంగుంటే మనకి వంశధార లేదేటే?" అంది. అదిగో, అలా పుట్టింది మా అడ్వెంచర్ ట్రిప్పు.

మాఘమాసం ఆదివారం, నాలుగు స్కూటీలు, ఏడుగురు ఆడాళ్లు. పలాస నుంచి టెక్కలి మీదుగా శ్రీముఖలింగం వెళ్లి, వంశధారలో స్నానం చేసి, చీకటి పడేలోగా ఇల్లు చేరాలి. శివరాత్రికైతే అక్కడ కాలు పెట్టే చోటుండదు. ఆ తరవాత వచ్చే చక్రతీర్థ స్నానాలకి ఒరిస్సా నుంచి కూడా జనం దిగిపోతారు. అందుకని కాస్త ముందే ఖాయం చేసుకున్నాం. ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పలేదు. గుడికంటే ఎవరు కాదంటారు చెప్పండి? మన సరదాలన్నిటికీ ఆ దేవుడే కదా పూచీ పడుతున్నాడు, పాపం! "స్కూటీల మీదా?" అని మాత్రం మా ఆయన రెండుసార్లు అడిగాడు. మూడోసారి అడిగేలోగా నేను పులిహోరకి చింతపండు నానబెట్టేశాను.

ఇప్పుడు మీతో ఒక మాట చెప్పాలి. కాస్త సిగ్గుపడే మాటే గానీ, మనలో మనకేంటి?

ప్రయాణమంటే మనం మొట్టమొదట చేసే పనేంటో గమనించారా? నీళ్లు మానేయడం. ముందురోజు రాత్రి నుంచే గ్లాసు ముట్టుకోం. పొద్దున టీ కూడా సగమే. బస్సు ఎక్కడ ఆగుతుందో, ఆగిన చోట ఏముంటుందో తెలీదు కాబట్టి నోరు పిడచ కట్టుకుపోయినా ఊరుకుంటాం. సాయంత్రానికి తల పగిలిపోతుంటే ఓ మాత్ర మింగి పడుకుంటాం. పెళ్లికెళ్లినా ఇదే, తీర్థానికెళ్లినా ఇదే. మా పెద్దొదినైతే ఒకసారి తిరుపతి రైల్లో రాత్రంతా రెండు గుటకలతో గడిపింది.

పిక్కలు కొట్టే అప్పాచెల్లెళ్లది ఇంకో బాధ. జీడిపిక్క పెంకులో ఉండే నూనె ఎక్కడ తగిలితే అక్కడ బొబ్బలెక్కుతుంది. ఆ చేతులతో పనిలోంచి లేచి వెళ్లాలంటే ముందు బూడిదతో, నూనెతో రుద్ది రుద్ది కడుక్కోవాలి. అంత తతంగం ఎవరు చేస్తారని మధ్యాహ్నం దాకా నీళ్ల జోలికే వెళ్లరు. వాళ్లలో చిన్నది నాకు అరచేతులు చూపించింది. గీతల్లో నలుపు దిగిపోయింది, బొటనవేలి కొస చర్మం చింతగింజలా గట్టిపడి మెరుస్తోంది. "సెయ్యి జోస్యం సెప్పేవోడొస్తే నాకు డబ్బులక్కర్లేదప్పా, గీతలన్నీ నల్లగా బాగా కనబడతాయి" అని నవ్వింది.

ఇంకెక్కడో అయితే ఇది ఒట్టి అలవాటనుకుని వదిలేయొచ్చు. మనది ఉద్దానం. కిడ్నీ జబ్బు తొక్కని గడప ఏ ఊళ్లో ఉంది? కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, ఎటు వెళ్లినా ఇదే కథ. నీళ్లన్నారు, ఎండలో పనన్నారు, నొప్పి మాత్రలన్నారు. దేశదేశాల నుంచి వచ్చి రక్తాలు తీసుకెళ్లారు గానీ కారణం ఇదీ అని ఇంకా తేల్లేదు. మా మరిది డయాలసిస్‌కి వారానికి మూడుసార్లు వెళ్తాడు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచాక దూరాభారం తగ్గింది. అంతకుముందు మా తోటికోడలి బతుకంతా బస్సుల్లోనే గడిచిపోయేది. ఆవిడా దారిలో నీళ్లు తాగేది కాదు! మొగుడి కిడ్నీల కోసం తిరుగుతూ తన కిడ్నీల్ని ఎండబెట్టుకునేది. ఈ మాట నేనంటే నవ్వేసింది గానీ ఆ నవ్వు నాకు నచ్చలేదు.

అందుకే అంగన్‌వాడీ టీచరు షరతు పెట్టింది. ఒక్కొక్కరూ లీటరు సీసా తెచ్చుకోవాలి. టెక్కలి చేరేసరికి అది ఖాళీ కావాలి. కానివాళ్లు పావుకిలో జీడిపప్పు తప్పు కట్టాలి. అదీ తుక్కు పప్పు కాదు, గుండు పప్పు! జీడిపప్పు ఊరివాళ్లం కదా, ధర తెలుసు, అందరం తాగేశాం.

తెల్లారి అయిదింటికి కాశీబుగ్గలో కలుసుకున్నాం. మంచు కురుస్తోంది. జీడి తోటలు పూతకొచ్చే రోజులేమో, ఊరు దాటగానే ఆ తియ్యటి మత్తు వాసన ముసుగులోంచి కూడా తగిలింది. తిత్లీ తుపానుకి 2018లో వేళ్లతో లేచిపోయిన తోటల్లో తిరిగి పెట్టిన చెట్లు ఇప్పుడు పూత పట్టాయి. బాప్ప నా వెనకే కూచుంది. హెల్మెట్‌లోంచి ఆవిడ మాట్లాడేదేదీ నాకు వినపడదు, అయినా టెక్కలి దాకా మాట్లాడుతూనే ఉంది. టెక్కలి దగ్గర రావివలస వైపు తిరిగి దణ్ణం పెట్టుకున్నాం. ఎండల మల్లన్న గుడికి కప్పుండదు కదా. "ఆయనకి ఎండ, మనకి ఈ కుండ" అని బాప్ప హెల్మెట్ తీసి నా చేతిలో పెట్టింది. బతిమాలి మళ్లీ పెట్టించేసరికి పావుగంట పట్టింది.

టెక్కలి దాటాక లీటరు నీళ్లు తమ పని మొదలెట్టాయి. హైవే మీద ఓ పెట్రోలు బంకులో ఆగాం. బాత్రూముకి తాళం. అక్కడున్న కుర్రాడు, తాళంచెవి మేనేజరు దగ్గరుందండీ, ఆయన లేరండీ అన్నాడు. ఇదివరకటి మనమైతే ఏం చేసేవాళ్లం? "సర్లే నాయనా" అని బండెక్కేసేవాళ్లం. మా బాప్ప వెళ్లి గాలి కొట్టే మిషను పక్కనున్న కుర్చీలో కాళ్లు బారజాపి కూచుంది. "మేనేజరొచ్చినాకే ఎల్తాం బాబూ, మాకేటి తొందర్లేదు. ఏడుగురం ఉన్నాం, ఒక్కొక్కల కడుపులో లీటరేసి నీల్లున్నాయి. నీ కుర్సీకే నాను భయపడతన్నాను" అంది. రెండు నిమిషాలు పట్టలేదు, తాళంచెవి ఎక్కణ్ణుంచి ఊడిపడిందో వచ్చేసింది. బయటికొచ్చాక అక్కడి కుళాయి దగ్గరే సీసాలు మళ్లీ నింపుకున్నాం. ఆ కుర్రాడి మొహం చూడాలి!

మా అమ్మాయి నురగల్లో కేకలేసినప్పుడు ఆమె గుండె ఎలా కొట్టుకుందో గానీ, ఆ బంకులో కుర్చీ పక్కన నిలబడ్డ కాసేపూ నా గుండె మాత్రం దడదడలాడింది. నలభై అయిదేళ్లు వచ్చాయి నాకు, 'బాత్రూమెక్కడ' అని గట్టిగా అడగడం అదే మొదలు.

కోటబొమ్మాళి దాటి, హైవే వదిలి, చల్లవానిపేట మీదుగా ముఖలింగం చేరాం. ఇది ఒకప్పుడు కళింగ గాంగుల రాజధాని కళింగనగరం. మధుకేశ్వరుడు, భీమేశ్వరుడు, సోమేశ్వరుడు, మూడు గుళ్లున్నాయి. ఒరిస్సా గుళ్లలా నిలువుగా పైకి లేచే శిఖరాలు, గోడల నిండా బొమ్మలు. గర్భగుడిలో ఉన్న లింగానికి మొహం ఉందని ఆ పేరు. అక్కడి కథ మీకు తెలిసే ఉంటుంది. ఓ శబర నాయకుడికి ఇద్దరు పెళ్లాలట. ఇంటి దగ్గర ఇప్పచెట్టు, చెరో కొమ్మ కింద పూలు చెరొకరు ఏరుకునేవారట. ఒకావిడ కొమ్మ పూలు బంగారమయ్యాయి, తగువొచ్చింది. విసిగిపోయిన మొగుడు చెట్టునే నరకబోతే అందులోంచి శివుడు మొహం చూపించాడు. నేను భక్తిగా చెబుతుంటే బాప్ప అడ్డొచ్చింది: "తగువాడింది ఆడోల్లు, గొడ్డలట్టుకుంది మొగుడు. మద్దిని సెట్టేటి సేసిందే?" పక్కన దణ్ణం పెట్టుకుంటున్నావిడ కూడా నవ్వేసింది.

ఈ 'ఏటి' గురించి ఒక ముచ్చట. మా అమ్మాయి ఆ మధ్య నాతో, "అమ్మా, నా ఫ్రెండ్స్ ముందు 'ఏటి' అనకే, నవ్వుతారు" అంది. మనం వాడుతున్న తెలుగులోనే పుస్తకాలుండాలని పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు పుట్టిన పర్వతాలపేట ఈ ముఖలింగానికి దగ్గర్లోనే, ఈ వంశధార గట్టునే ఉంది. ఆయన పుట్టింది 1863 ఆగస్టు 29న. ఆ రోజునే ఇప్పుడు తెలుగు భాషా దినోత్సవం చేస్తున్నారు. పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ ఈ గుళ్ల గోడల మీద శాసనాలు సొంతంగా చదవడం నేర్చుకున్నారు. సవరల భాష నేర్చుకుని వాళ్లకి వాళ్ల భాషలోనే చదువు చెప్పించారు. ఈసారి అమ్మాయి ఫోన్ చేస్తే ముందు 'ఏటే' అనే మొదలెడతాను.

గుడి అయ్యాక ఏటికి వెళ్లాం. మాఘంలో వంశధార సన్నబడిపోయి, ఇసక తిన్నెల మధ్య పాయలుగా పారుతుంది. దిగగానే కాలి మడమ కింద ఇసక చల్లగా జారిపోతూ చక్కిలిగింతలు పెట్టింది. అవతలి తిన్నె దాకా వెళ్దామంది టైలరప్ప, ఈత రాదు గానీ! ఏడుగురం చేతులు పట్టుకుని గొలుసులా బయల్దేరాం. గట్టు మీద మేకలు కాస్తున్న ముసలాయన "అటు కాదమ్మా, అటు గుంట ఉన్నాది, ఎడం పక్కకి రండి" అని కేకేశాడు. ఇసక తవ్విన చోట్ల గుంటలుంటాయి, పైకి నీరు ఒకేలా కనిపిస్తుంది. ఊరివాళ్లని అడక్కుండా మీరెవరూ దిగకండి. ఎడమకి తిరిగేలోపే పెద్దొదిన నడుం దాకా దిగిపోయింది. అందరం ఒక్కసారి లాగాం. ఒడ్డుకొచ్చాక భయంతో ఏడవబోయి, చీర కుచ్చిళ్లలో చిక్కుకున్న చేపపిల్లని చూసి పకపకా నవ్వింది. దాన్ని జాగ్రత్తగా ఏట్లో వదిలేశాక గానీ పులిహోర మూట విప్పనివ్వలేదు.

తడి చీరలు మార్చుకోవడానికి ముగ్గురు నిలబడి దుప్పట్లు పట్టుకున్నారు, నలుగురు మార్చుకున్నారు, తరవాత తారుమారు. దాని గురించి ఎంత చెప్పినా తక్కువే గనక వదిలేస్తున్నా.

వచ్చేటప్పుడు ఖాళీ సీసాలో వంశధార నీళ్లు పట్టి తెచ్చాను, అత్తగారి పూజకని. ఆవిడ వజ్రపుకొత్తూరు వైపు ఊళ్లో ఉంటుంది. మర్నాడు వెళ్లి సీసా చేతిలో పెడితే, కళ్లకద్దుకోలేదు సరికదా, కొళాయి వైపు చూపించింది. "ఇరమండలం కాడి నుంచి గొట్టాలేసి తెచ్చినారు కదే, మన కొలాయిలోనూ వంశధారే వస్తన్నాది. నువ్వు సీసాలో మోసుకొచ్చినావా!" నిజమే! 700 కోట్లు పెట్టి హిరమండలం రిజర్వాయరు నుంచి ఉద్దానానికి మంచినీళ్లు తెచ్చిన పథకం సంగతి నాకు గుర్తే రాలేదు. ఏడుగురం ఏటిని వెతుక్కుంటూ వెళ్లాం, అదేమో మాకంటే ముందే మా ఇళ్లకొచ్చి కూచుంది.

సీసా మాత్రం దేవుడి గూట్లోనే పెట్టింది. నాకు కొళాయి నీళ్లు చెంబుతో ఇచ్చి, "తాగు, మల్లీ ఎండన పడి ఎల్తావు" అంది.